అంచున సాగే ప్రవాహం

తక్షణ ప్రయోజనమే విద్యకు కొలమానమని భావించే కాలమిది. భౌతిక శాస్త్రం అనేకమంది విద్యార్థులకు ప్రవేశ పరీక్షను దాటించే మెట్టు మాత్రమే. ఆ శాస్త్రంలోని ఒక శాఖ చరిత్రను పరిశీలిస్తే ఈ దృష్టి ఎంత సంకుచితమో బోధపడుతుంది.

1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా విద్యార్థి పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించాడు. ప్రవాహానికి అడ్డంగా స్వల్పమైన వోల్టేజి ఏర్పడింది. నూరేళ్ల అనంతరం, 1980లో, జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ అతిశీతల స్థితిలో, ప్రబలమైన క్షేత్రంలో సిలికాన్ సాధనాన్ని పరీక్షించాడు. ఎలక్ట్రాన్ల సాంద్రతను మార్చుతూ పోగా హాల్ నిరోధం మెట్లు మెట్లుగా మారింది. సుమారు 25,813 ఓములను 1, 2, 3 వంటి పూర్ణాంకాలతో భాగిస్తే వచ్చే విలువలే ఆ మెట్లు. పదార్థంలోని మలినాలు గాని, దాని ఆకారం గాని వాటిని మార్చలేకపోయాయి.

దీనికి కారణం టోపాలజీ అనే గణిత శాఖలో లభించింది. గారెకు చిల్లు ఒకటి ఉంటుంది; ఇడ్లీకి ఉండదు. ఒకటిన్నర చిల్లు ఎక్కడా ఉండదు. పిండిని కొంత నొక్కినా, సాగదీసినా ఆ లెక్క మారదు. హాల్ నిరోధాన్ని నిర్ణయించే పూర్ణాంకం కూడా అటువంటిదే.

పెదపాడు పరిసరాలలోని చేపల చెరువునొకదానిని ఊహించుకోవచ్చు. మధ్యలోని నీరు ఉన్నచోటనే సుడులు తిరుగుతూ, గట్టు వెంబడి నీరు మాత్రం ఒకే దిశలో పరుగెడితే ఎలా ఉంటుందో, ఈ స్థితిలో ఎలక్ట్రాన్ల నడవడి అలా ఉంటుంది. అంచున సాగే ఎలక్ట్రాన్లకు వెనుదిరిగే దారి లేదు. మలినం అడ్డువచ్చినా దానిని చుట్టి ముందుకే పోతాయి.

దీనివల్ల లాభమేమని 1879లో ప్రశ్నించి ఉంటే సమాధానం దొరికేది కాదు. 1990 నుండి ప్రపంచ ప్రయోగశాలలలో నిరోధ ప్రమాణానికి ఈ దృగ్విషయమే ఆధారం. ఈ రంగానికి బాటలు వేసిన థౌలెస్, హాల్డేన్, కోస్టర్లిట్జ్‌లకు 2016లో నోబెల్ బహుమతి లభించింది.

తెలుగువారికి ఈ బాట పరాయిది కాదు. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రచించిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో వాల్తేరు నుండి ప్రకటించింది. నాటికి టోపలాజికల్ పదార్థమన్న మాటే లేదు. స్ఫటికాల సౌష్ఠవాన్ని గణితంతో వివరించడమే వారి లక్ష్యం. నేడు టోపలాజికల్ స్ఫటికాల అన్వేషణలో ఆ గణితమే ప్రధాన సాధనం.

సామాన్య కుటుంబపు విద్యార్థి ఉపాధిని గూర్చి ఆలోచించడం దోషం కాదు. ఇల్లు గడవవలసిన చోట జిజ్ఞాస ఒక్కటే చాలదు. అందుచేతనే మౌలిక విజ్ఞానాన్ని ఎన్నుకొన్న వారికి విద్యార్థి వేతనాలు, గ్రామీణ కళాశాలలకు ప్రయోగశాలలు సమకూర్చడం సమాజం బాధ్యత. సూత్రాన్ని వల్లించే విద్యార్థి పరీక్షలో గెలుస్తాడు, “ఎందుకు?” అని ప్రశ్నించే విద్యార్థి శాస్త్రాన్ని గెలిపిస్తాడు. కొల్లేటి తీరపు పల్లెలలో అటువంటి ప్రశ్నలకు కొరత లేదు. వాటిని వినే ఓర్పు పెద్దలకు కావాలి.