కంపెనీ ధరపై పైసొమ్ము హలాలేనా?

వాడిన వస్తువుకు కొత్తదానికంటే తక్కువ ధర పలుకుతుంది. పాత సైకిలు కొనే కుర్రవాడికీ, పాత కుట్టుమిషను కొనే దర్జీకీ తెలిసిన సంగతే ఇది. కాని ఐరోపా, అమెరికాల్లోని ఒక బజారులో ఈ లెక్క తరచు తలకిందులవుతోంది. అది స్పోర్ట్స్ కార్ల బజారు. నిన్నగాక మొన్న కంపెనీ ధరకు అమ్ముడైన కారు, నాలుగైదు వందల మైళ్ళు తిరిగి, ఒక చేయి మారి, డీలరు అద్దాల గదిలో మళ్ళీ నిలబడేసరికి కొత్త కారుకంటే ఖరీదైపోతుంది. కంపెనీ ధరకు పైన రాబట్టే ఈ మొత్తాన్ని బ్రిటన్ వ్యాపారులు ‘ఓవర్స్’ అంటారు. అమెరికా డీలర్లు దానికి ‘మార్కెట్ సవరణ’ అని గౌరవప్రదమైన పేరు పెట్టుకున్నారు. మన వాడుకలో చెప్పాలంటే అది ప్రీమియం, అంటే పైసొమ్ము.

కోటీశ్వరుల ముచ్చటతో శుక్రవారం పేజీకి ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. బండ్లు కొని అమ్మే వృత్తిలో మన సోదరులు చాలామంది ఉన్నారు. మెకానిక్కులుగా, బ్రోకర్లుగా, గల్ఫ్ దేశాల్లో డ్రైవర్లుగా బతుకుతున్నవారూ ఉన్నారు. “బండి బుక్ చేసి, అది చేతికి రాకముందే ఆ బుకింగును లాభానికి అమ్ముకోవచ్చా?” అని మా వంటివారిని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ ఖరీదైన కార్ల ఉదంతం బాగా పనికివస్తుంది. అక్కడ ఆకలి లేదు, అవసరం లేదు. ఉన్నది బేరం ఒక్కటే. కనుక హలాల్ ఎక్కడ ముగుస్తుందో, హరామ్ ఎక్కడ మొదలవుతుందో అక్కడ తేటగా కనబడుతుంది.

ఈ కొరత ఎలా పుడుతుంది?

2016లో జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ జెనీవా మోటారు ప్రదర్శనలో ‘911 ఆర్’ అనే కారును విడుదల చేసింది. మొత్తం 991 కార్లు మాత్రమే తయారు చేస్తామని ప్రకటించింది. బ్రిటన్‌లో దాని ధర సుమారు 1,37,000 పౌండ్లు. కొద్ది నెలల్లోనే అదే కారుకు మూడు రెట్లకు పైగా అడిగేవారు బయలుదేరారు. ఇలాంటి కార్లు ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో దొరకవు. డీలరుకు వచ్చే కోటా తక్కువ. అందులో చాలావరకు పాత ఖాతాదారులకే పోతుంది. వరుసలో నిలబడలేనివాడు, నిలబడినా పేరు రానివాడు పైసొమ్ము చెల్లించి కొద్దిగా వాడిన కారు కొంటాడు.

అదే 2016లో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీ ‘జీటీ’ అనే కారుకు దరఖాస్తులు పిలిచింది. మొదటి విడత 500 కార్లకు 6,506 దరఖాస్తులు వచ్చాయి. ధర సుమారు నాలుగున్నర లక్షల డాలర్లు. రెండేళ్ళ దాకా అమ్మబోమని కొనుగోలుదారులచేత కంపెనీ ఒప్పందం రాయించుకుంది. కుస్తీ వీరుడు, సినీనటుడు జాన్ సీనా కారు అందుకున్న కొద్ది వారాలకే అమ్మివేశాడని 2017 నవంబరులో ఆయనపై దావా వేసింది. 2018లో రాజీ కుదిరింది. ఆ ఏడాది మే నెలలోనే ఇండియానాపోలిస్ వేలంలో మరొక జీటీ 18 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంటే కంపెనీ ధరకు దాదాపు నాలుగు రెట్లు.

ఇదంతా దోపిడీ, ఇదంతా హరామ్ అని ఒక్క మాటలో తేల్చివేయాలనిపిస్తుంది. కాని హలాల్‌ను హరామ్ అనడం కూడా చిన్న తప్పు కాదు. ముందు షరీఅత్ ఏమంటున్నదో చూద్దాం.

లాభానికి అంకె గీయలేదు

మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధరలు నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త ముహమ్మద్ (స)ను కోరారు. ఆయన అంగీకరించలేదు. ధరలను హెచ్చించేవాడూ తగ్గించేవాడూ అల్లాహ్‌యేననీ, ఎవరి ప్రాణం విషయంలోగాని, సొత్తు విషయంలోగాని అన్యాయం చేశాడన్న ఫిర్యాదు లేకుండా తాను అల్లాహ్‌ను కలుసుకోగోరుతున్నాననీ సెలవిచ్చారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది.

హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి) ఉదంతం బుఖారీలో ఉంది. గొర్రెను కొని తెమ్మని దైవప్రవక్త (స) ఆయనకు ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, ఒక గొర్రెనూ ఒక దీనారునూ తెచ్చి అప్పగించారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. అర దీనారు సరుకు దీనారుకు అమ్ముడైంది. నూటికి నూరు లాభం. దాన్ని ఆయన తప్పుపట్టలేదు.

ఇక అక్రమ నిల్వ, అంటే ఇహ్తికార్ సంగతి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీన్ని మనుషుల ఆహారానికీ పశువుల మేతకూ పరిమితం చేశారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం ఏ వస్తువును బిగబట్టినా ప్రజలకు హాని కలిగితే అది ఇహ్తికారే అన్నారు. స్పోర్ట్స్ కారు దొరకనందువల్ల ఏ ఇంటా పొయ్యి ఆరదు. కనుక ఆ కారు మీద ఈ నింద వేయడం కష్టం.

దీన్నిబట్టి తేలేదేమిటి? ఒక వ్యక్తి కంపెనీ ధరకు కారు కొన్నాడు, స్వాధీనం చేసుకున్నాడు, అమ్మనని ఎవరికీ మాట ఇవ్వలేదు, కంపెనీ ధర తెలిసిన మనిషికి బాహాటంగా రెట్టింపు ధరకు అమ్మాడు. అతని లాభం హలాలే. అవసరం లేనిచోట అంత సొమ్ము పోసినవాడు దుబారాకు అల్లాహ్ ముందు తానే జవాబు చెప్పుకోవాలి.

నాలుగు దొంగదారులు

అయితే ఈ బేరంలోకి హరామ్ ప్రవేశించే దారులు నాలుగు ఉన్నాయి.

మొదటిది, చేతికి రాని వస్తువును అమ్మడం. కారు ఇంకా ఫ్యాక్టరీలో తయారుకాకముందే వరుసలోని చోటును అమ్ముకునేవారున్నారు. ఇది కొత్త విద్య అనుకుంటే పొరపాటు. మర్వాన్ బిన్ హకమ్ పాలనకాలంలో అల్ జార్ రేవుకు వచ్చిన ధాన్యానికి ప్రజలకు చీటీలు ఇచ్చేవారు. ధాన్యం అందకముందే జనం ఆ చీటీలను కొని అమ్మడం మొదలుపెట్టారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి), మరొక సహాబీ వెళ్ళి మర్వాన్‌ను నిలదీశారు. దాన్ని వారు వడ్డీతో పోల్చారు. మర్వాన్ భటులను పంపి ఆ చీటీలను జనం చేతుల్లోంచి తీయించి అసలు హక్కుదారులకు ఇప్పించాడు. ఇమామ్ మాలిక్ (రహ్మ) తన మువత్తాలో ఈ సంగతి నమోదు చేశారు. నేటి బుకింగు రసీదుకూ నాటి ధాన్యపు చీటీకీ తేడా ఏముంది?

రెండవది, మోసంతో ధర పెంచడం. కొనే ఉద్దేశం లేకుండానే పాట పెంచడాన్ని నజష్ అంటారు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. “పొద్దున ఒకాయన ఇంతకు అడిగి వెళ్ళాడు” అని లేని బేరగాణ్ణి సృష్టించడం, గోదాములో కార్లు ఉంచుకుని “ఇదొక్కటే మిగిలింది” అనడం ఈ కోవలోవే. ఉస్మానియా పాలనలో 1869 నుంచి 1876 దాకా రూపొందిన ‘మజల్లా’ అనే హనఫీ న్యాయస్మృతి ఇక్కడ అంకెలే ఇచ్చింది. సరుకుల్లో ఇరవయ్యో వంతు, పశువుల్లో పదో వంతు, స్థిరాస్తిలో ఐదో వంతు తేడా వస్తే అది ‘ఘబ్నె ఫాహిష్’, అంటే ధరలో ఘోర నష్టం. అయితే అనాథల సొత్తు, వక్ఫ్ వంటివాటిలో తప్ప ఆ తేడా ఒక్కదానివల్ల బేరం రద్దుకాదు. దానికి మోసం తోడైతే మాత్రం నష్టపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. అంటే షరీఅత్ దృష్టి ధర అంకె మీదకంటే అమ్మేవాడి నోటి మీద ఎక్కువగా ఉంది.

మూడవది, మాట తప్పడం. రెండేళ్ళు అమ్మనని సంతకం చేసి రెండు నెలలకే అమ్మడం ఒకటి. ఒక ధరకు బుకింగు సొమ్ము తీసుకుని, ఏడాది ఎదురుచూపించి, బండి వచ్చిన రోజున పైసొమ్ము అడగడం మరొకటి. కొన్న వస్తువును తిరిగి అమ్మరాదన్న షరతు ఒప్పందంలో చెల్లుతుందా అన్నది ఫుఖహాలు చర్చించే విషయం. అది ఎలా తేలినా, తెలిసి తెలిసి మాట ఇచ్చి తప్పడం మోమిన్‌కు తగదన్నదానిలో చర్చ లేదు.

నాలుగవది, అమానత్‌లో ఖియానత్. షోరూమ్ ఉద్యోగి వరుసలో వెనుకవాడి దగ్గర రహస్యంగా డబ్బు తీసుకుని అతన్ని ముందుకు జరపడం ఇలాంటిదే. ఇక్కడ హజ్రత్ ఉర్వా (రజి) ఉదంతాన్ని మళ్ళీ చదవాలి. మనవాళ్ళు అందులో నూటికి నూరు లాభాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. ఆయన ఆ దీనారును తన జేబులో వేసుకోలేదు. గొర్రెతోపాటు తెచ్చి యజమాని చేతిలో పెట్టారు. బర్కత్ దుఆ లభించింది ఆ నిజాయితీపరుడికి.

ఆ గాలి మన వీధికీ వీస్తుంది

విలాస వస్తువులో అలవాటైన రీతి అక్కడే ఆగదు. 2021, 2022 సంవత్సరాల్లో చిప్పుల కొరతవల్ల ప్రపంచమంతటా కార్ల ఉత్పత్తి తగ్గింది. అమెరికాలో ఉద్యోగానికి వెళ్ళివచ్చే సామాన్యుడి కారు మీద కూడా ‘మార్కెట్ సవరణ’ చీటీ అంటించారు. తమ డీలర్లలో సుమారు పది శాతం మంది కంపెనీ ధరకు పైన వసూలు చేశారని ఫోర్డ్ అధిపతి జిమ్ ఫార్లీ 2022 ఫిబ్రవరిలో స్వయంగా చెప్పారు. అలాంటివారికి కార్ల కోటా తగ్గుతుందని కంపెనీ హెచ్చరించవలసి వచ్చింది.

మన దేశంలో ఈ కథ అంతకంటే పాతది. 1970, 80 దశకాల్లో బజాజ్ స్కూటరు కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండేవారు. వరుసలో పేరు వచ్చినవాడు స్కూటరు తీసుకుని మర్నాడే ప్రీమియానికి అమ్ముకునేవాడు. ఆ ప్రీమియం చివరికి ఎవరి నెత్తిన పడింది? జహేజ్‌లో స్కూటరు కావాలని పెళ్ళికొడుకువారు పట్టుబట్టిన చోట ఆడపిల్ల తండ్రి నెత్తిన పడింది. లగ్నం ముంచుకొచ్చిన తండ్రి కంపెనీ వరుసలో ఏళ్ళ తరబడి నిలబడలేడు. అప్పు చేసి బ్లాకులో కొన్నాడు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) చెప్పిన హాని అంటే ఇదే. సంపన్నుడికి సరదా అయిన బేరమే పేదవాడి దగ్గరకు వచ్చేసరికి జుల్మ్ అవుతుంది.

మరి మందు ఏమిటి? ధరలు ప్రభుత్వమే కట్టివేయాలని వెంటనే అనలేము. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఆ దారి ఎంచుకోలేదు. 2017లో పోర్షే కంపెనీ రెక్క లేని, చేత్తో గేరు మార్చుకునే ‘జీటీ3 టూరింగ్’ కారును సంఖ్యా పరిమితి లేకుండా అమ్మకానికి పెట్టింది. ‘911 ఆర్’ కోసం ఎగబడినవారికి దాదాపు అలాంటిదే మరొకటి దొరికింది. దాని పైసొమ్ము చల్లబడింది. జనరల్ మోటార్స్ 2022లో కొర్వెట్ ‘జెడ్06’ను ఏడాదిలోపు అమ్మితే దాని వారంటీ కొత్త యజమానికి వర్తించదని ప్రకటించింది. సరఫరా పెంచడం, షరతును ముందే బహిరంగంగా చెప్పడం, ఈ రెండూ మేలైన మార్గాలే. కాని ఏ కంపెనీ షరతూ అమ్మేవాడి అంతరాత్మకు కాపలా కాయలేదు.

కనుక బండ్ల వ్యాపారంలో ఉన్న మా సోదరులకు మేము చెప్పేది ఇంతే. స్వాధీనం కాని బండిని అమ్మకండి. బుకింగు కాగితాన్ని సరుకుగా మార్చకండి. కంపెనీ ధర ఎంతో, మీరు అడుగుతున్నది ఎంతో కొనేవాడికి ముందే చెప్పండి. ఆ తర్వాత అతను సంతోషంగా ఇస్తే తీసుకోండి. లేని బేరగాణ్ణి పుట్టించకండి. యజమాని దగ్గర జీతం తీసుకుంటూ వరుసను అమ్ముకోకండి. కొనేవాడు ఆపదలో ఉన్నాడని తెలిస్తే హక్కుగా వచ్చే లాభంలోనూ కొంత వదులుకోండి. సందేహం వచ్చినచోట మీ ఊరి ముఫ్తీ సాహెబును ముందుగా అడగండి. డబ్బు ఖర్చయ్యాక అడిగే ఫత్వా మనసుకు నెమ్మదినివ్వదు.

తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తుంది. త్రాసు ఒక్క బియ్యం కొట్టులోనే ఉండదు. షోరూములోనూ ఉంటుంది, బుకింగు పుస్తకంలోనూ ఉంటుంది. మన త్రాసులను సరిచేసుకునే సద్బుద్ధిని, తక్కువైనా బర్కత్ గల హలాల్ రిజ్క్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.