గ్రేడు పెరగాలంటే ముందు లెక్క తెలియాలి

మన తెలంగాణ డిగ్రీ కాలేజీల్లోకి క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు వచ్చింది 2016లో. ఆ లెక్క మాత్రం ఇంకా చాలామంది పిల్లల చెవిన పడలేదు. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని ఖానాపూర్ లాంటి ఊళ్లో, పత్తి ఏరే రోజుల్లో అమ్మానాన్నలతో చేనుకు పోయే పిల్లకు మొదటి ఏడాది గ్రేడు తగ్గితే వింత లేదు. వింతంతా ‘ఫైనలియర్‌లో చూసుకుందాంలే’ అన్న ధీమాలోనే ఉంది. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అనుకుందాం. రెండు సెమిస్టర్లలో 5.5 వచ్చినా, మిగతా నాలుగింటిలో 7.5 తెచ్చుకుంటే మొత్తం 6.83కు చేరుతుంది. అదే ఐదు సెమిస్టర్లు 5.5 దగ్గరే ఉండి, ఆఖర్న ఏకంగా 9 తెచ్చుకున్నా 6.08 దాటదు. కాబట్టి తప్పిన పేపర్లు ముందు గట్టెక్కించాలి, రెండు క్రెడిట్ల సబ్జెక్టు కంటే ఐదు క్రెడిట్లదానికి ఎక్కువ పొద్దు కేటాయించాలి, ఇంటర్నల్స్ ఎగ్గొట్టకూడదు. ఇవన్నీ పిల్లల పనులే. ఈ లెక్కను మొదటి వారంలోనే బోర్డు మీద వేసి చూపించడం మాత్రం కాలేజీ పని. అది చేయకుండా మూడో ఏడాది ‘మీరు చదవరు’ అని తిట్టే హక్కు ఏ లెక్చరర్‌కూ లేదు.