ఫీజు కట్టి చేతులు దులుపుకుంటే చదువొస్తుందా?

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో సాయంత్రం ఆరయ్యేసరికి మన తెలుగు పిల్లలు బడి బ్యాగు దించి ట్యూషన్ బ్యాగు తగిలించుకుంటారు. రెండో తరగతి పిల్లకీ ట్యూషనే. తండ్రి వర్క్‌షాపులో ఓవర్‌టైం చేసి తెచ్చిన డబ్బు నేరుగా ట్యూషన్ మాస్టారి చేతిలోకి పోతుంది. పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2022లో బెంగాల్ పల్లెల్లో ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని లెక్కేస్తే నూటికి 74 మంది డబ్బిచ్చి ట్యూషన్‌కి పోతున్నారని తేలింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 30 చిల్లర. పల్లెల సంగతే ఇదైతే ఖరగ్‌పూర్ లాంటి రైల్వే టౌను గురించి వేరే చెప్పాలా?

ఇంత డబ్బు పోసి మనం కొంటున్నదేమిటి? హోంవర్కు పూర్తి చేయించడం, ప్రశ్నాజవాబులు బట్టీ కొట్టించడం. బడిలో అర్థం కానిది ట్యూషన్‌లోనూ అర్థం కాదు, నోటుపుస్తకం మాత్రం నిండుతుంది. బడిలో పనిచేసే టీచరు ప్రైవేటు చెప్పకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ నిషేధించింది. ఆ చట్టం ఏ సందులో అమలవుతోందో ఎవరైనా చూపిస్తే దణ్ణం పెడతాను.

ట్యూషన్ కన్నా ఎక్కువగా నా ఒళ్ళు మండించే సంగతి ఇంకోటుంది. పేరెంట్స్ మీటింగుకి వెళ్ళిన తల్లికి బడివాళ్ళు చెప్పే మొదటి మాట: "ఇంట్లో తెలుగు ఆపండి, ఇంగ్లీషులో మాట్లాడండి." ఆ తల్లికి వచ్చిందే తెలుగు. బజారుకి సరిపడా హిందీ, పక్కింటికి సరిపడా బెంగాలీ వచ్చు. ఆవిడేం చేస్తుంది? నోరు మూసుకుంటుంది. కథ చెప్పదు, లెక్క అడగదు, "ఏటైందిరా బడిలో?" అనడానికి కూడా జంకుతుంది. పిల్లవాడికి పుట్టినప్పట్నుంచీ ఉన్న మొదటి గురువుని బడే ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ ఖాళీలోకి ట్యూషన్ మాస్టారొచ్చాడు. ఇంత జరిగాక "పేరెంట్స్ పట్టించుకోరండీ" అని మనమీదే నేరం!

పట్టించుకోవడమంటే ఏమిటో మా వీధిలో చూశాను. మూడో తరగతి గుంటడు ఇంగ్లీషు లెక్కల పుస్తకం ముందేసుకున్నాడు. బుట్టలో 52 మామిడిపళ్ళు, అందులో 17 కుళ్ళిపోయాయి, మంచివెన్ని? వాడు వాక్యం జోలికే పోలేదు. రెండంకెలు ఏరుకుని, కూడేసి, 69 వేశాడు. బియ్యం ఏరుకుంటున్న నాయనమ్మ అడిగింది: "ఒరే, ఏబైరెండు పళ్ళల్లో పదిహేడు కుళ్ళిపోతే ఇంకెన్నుంటాయిరా?" వాడు వేళ్ళు ముడిచి, నసిగి, "ముప్పై అయిదు" అన్నాడు. నోటుపుస్తకం వైపు చూసుకుని, "కుళ్ళిపోతే ఎక్కువెలా అవుతాయి?" అని తనే 69 కొట్టేశాడు. ఆ ముసలమ్మ బడి మొహం చూడలేదు. నెలనెలా ఫీజు పుచ్చుకునే మనిషి వల్ల కానిది ఆవిడ ఒక్క ప్రశ్నతో చేసింది.

"అయితే పిల్లలకి ఇంగ్లీషొద్దా?" అని మీద పడతారని తెలుసు. ఎందుకొద్దు? ఇంగ్లీషు కావాలి, బెంగాలీ కావాలి, హిందీ కావాలి. తెలిసిన భాషలో లెక్క పట్టుబడిన పిల్లకి మిగతా భాషల్లో దాని పేర్లు నేర్వడం ఎంతసేపు? పసితనంలో చదువు ఇంటి భాషలో సాగాలని యునెస్కో 1953లోనే చెప్పింది. అంతకంటే ముందే మన శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి చేసి చూపించారు. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే పాఠం చెప్పాలని ఆ భాష తాను నేర్చి, వాచకాలు రాసి, బడి పెట్టించారు. ఆ శ్రీకాకుళం ఊళ్ళ నుంచి రైలు పనికి వలసొచ్చిన వాళ్ళ మనవలం మనం. మన పిల్లల ఇంటి భాషకి మనమే తాళం వేస్తున్నాం.

ప్రభుత్వాల సంగతి ఇంకా ఘనం. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి ఏర్పాట్లు చూడాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. బెంగాల్ పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలో తెలుగుని మొదటి భాషగా రాసుకోవచ్చు. 2020 డిసెంబర్‌లో, అసెంబ్లీ ఎన్నికల ముంగిట, రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాష గుర్తింపు కూడా ప్రకటించింది. మనం మిఠాయిలు పంచుకున్నాం. కాగితం మీద గుర్తింపు పడితే తరగతిలోకి తెలుగు మాస్టారు నడిచొస్తాడా? అడగాలి. 1927లో వి.వి. గిరి లాంటి నాయకుల వెనక బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాలు పణంగా పెట్టి సమ్మె కట్టిన ఊరిది. ఆ ఊళ్ళో ఇవాళ బడి గేటు దగ్గర నిలబడి ఒక్క ప్రశ్న అడగడానికి మనకి గొంతు పెగలదు!

ఇంట్లో చెయ్యాల్సింది కొండంత పనేం కాదు. డ్యూటీ దిగొచ్చాక పావుగంట ఫోను పక్కన పెట్టి, "ఇవాళేం చెప్పారో నాకు చెప్పు" అనండి. తెలుగులో చెప్పనివ్వండి. చెప్పగలిగితే వచ్చినట్టు, తడబడితే ఎక్కడ రాలేదో మీకే తెలుస్తుంది. దానికి మీరు డిగ్రీ చదవక్కర్లేదు. ప్రభుత్వ బడైతే యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం ఆడవాళ్ళుండాలని అదే విద్యాహక్కు చట్టం చెబుతోంది. వెళ్ళి కూర్చోండి. సంతకం పెట్టి లేచి రావద్దు.

ప్రైవేటు బడైతే వచ్చే మీటింగులో రిపోర్టు కార్డు పుచ్చుకుని తలూపొద్దు. "మా పిల్లకి తీసివేత అర్థమైందా లేదా, నాకు తెలిసేలా చెప్పండి" అని అడగండి. ఇంగ్లీషులో దబాయిస్తే మళ్ళీ అడగండి. పక్కింటి తల్లినీ తీసుకెళ్ళి అడిగించండి. పిల్లకి రాలేదని తేలితే నేర్పే పని బడిదేనని, ఆ పనికి ఫీజు ముందే కట్టేశామని అక్కడే, అందరి ముందే చెప్పి రండి.