అక్షరము లావు – వెనుకటి రంగు

అక్షరము యొక్క లావు గంటమును బట్టియో, కలమును బట్టియో, అచ్చును బట్టియో యుండునని మనము తలంతుము. అది సగము నిజమే. అక్షరము ఏ రంగుపై నిలిచియున్నదో ఆ రంగు కూడ దాని లావును నిర్ణయించును. ఒకే కొలతగల కకారమును తెల్లని కాగితముపై నల్లగను, నల్లని కాగితముపై తెల్లగను వ్రాసి ప్రక్కప్రక్కన ఉంచుడు. తెల్లనిది లావుగ కన్పట్టును. కొలబద్దతో కొలిచినచో రెండును సమానమే.

ఇది క్రొత్త సంగతి కాదు. విదియ, తదియ నాటి నెలవంకను పరికించిన వారికి తెలియును: వెలుగొందు వంక పెద్ద బింబమునకును, మసకగ తోచు తక్కిన భాగము చిన్న బింబమునకును చెందినట్లుండును. చీకటి ఆకాశమున గ్రహములు పెద్దవిగ కన్పట్టుటను గెలీలియో గుర్తించెను. జర్మను మహాకవి గేటే 1810లో ప్రకటించిన వర్ణసిద్ధాంత గ్రంథమున దీనిని చర్చించెను. కంటిలో వెలుగు చెదరుటయే కారణమని హెల్మ్‌హోల్ట్స్ తలంచెను. వెలుగునకు నాడీకణములు స్పందించు తీరులోనే దీనికి మూలము కలదని 2014లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు చూపిరి.

తెలుగు లిపికి దీనితో దగ్గరి సంబంధము కలదు. మన అక్షరములలో భేదములు మిక్కిలి సూక్ష్మములు. దకారమునకు ఒత్తుగీత చేరిన ధకారము. దాని కడుపులో చుక్క పెట్టిన థకారము. ‘దార’ యనిన భార్య, ‘ధార’ యనిన ప్రవాహము. ‘పలము’ ఒక తూకము, ‘ఫలము’ పండు. అక్షరము లావెక్కిన కొలది దాని కడుపులోని ఖాళీ పూడిపోవును; చుక్క గోడను అంటుకొనును; ఒత్తుగీత పై యక్షరములో కలసిపోవును. పెద్దలు సందర్భమును బట్టి సరిదిద్దుకొని చదువుదురు. రెండవ తరగతి బాలునకు ఆ యూత లేదు. వాడు కంటికి కనబడిన దానినే నమ్మును. తుదకు తప్పు వానిదిగనే లెక్కకు వచ్చును.

నేడు అనేక పాఠశాలలలో నల్లబల్ల ప్రక్కన వెలుగుతెర చేరినది. ముదురు రంగుపై తెల్లని బొద్దక్షరములు పెట్టినచో వెనుకబల్లవారికి బాగుగ కనబడునని ఉపాధ్యాయులలో ఒక నమ్మకము కలదు. దానిని విడువవలెనని నా యభిప్రాయము. కన్నే లావెక్కించు అక్షరమును మనము మరల లావు చేయుట ఏల? అచ్చట వలసినది అక్షరమును పెద్దదిగ వ్రాయుట, గీతను సన్నము చేయుట, అక్షరముల నడుమ ఎడమిచ్చుట. సుద్దముక్క మొద్దుకొనతో గాక అంచుతో వ్రాయు ఉపాధ్యాయుడు ఈ సూత్రమును ఎరుగకయే పాటించుచున్నాడు.

అచ్చుపని తీరు వేరు. నల్లని పట్టీలో తెల్లని అక్షరములు వదలి అచ్చొత్తినపుడు, సిరా కాగితములో వ్యాపించి తెల్లని గీతను ఇరువైపుల నుండి తినివేయును. కావున అచ్చట మరీ సన్నని గీత పనికిరాదు. పాఠశాల పత్రికలు అచ్చువేయించు విద్యార్థులు దీనిని గమనింపవలెను. ఇక తెల్లని కాగితముపై పసుపు, లేతబూడిద అక్షరములు ఎంత లావైనను చిక్కినట్లే యుండును. వెలుగులో భేదము చాలకపోవుటయే కారణము.

పరీక్ష సులభము. తెరపై థ, ధ, ఫ, ష వ్రాసి, ఉపాధ్యాయుడు కడపటి బల్లపై కూర్చుండి చూడవలెను. చుక్క పూడినచో గీతను తగ్గింపవలెను. పిల్లవాడు తప్పు చదివెనని దండించుటకు ముందు, వాని చోట కూర్చుండి ఆ అక్షరమును ఒకసారి చూచుట మన విధి.