దూరం పెరిగింది, కాలం తగ్గింది!

పిల్లలూ! ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానం మొదట్లో పడమటివైపు, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. ప్రయాణం 16 గంటలకు పైనే. 2016 అక్టోబరులో దాన్ని తూర్పువైపు, పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం దాదాపు 15,300 కిలోమీటర్లయింది. పట్టిన కాలం పద్నాలుగున్నర గంటలే!

"భూమి తిరుగుతోంది కదండీ, అందుకే" అంటారు మా తరగతిలో. కాదు. భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది. లేకుంటే ఎగిరిన కాకి మళ్లీ అదే కొమ్మ మీద వాలగలదా? అసలు కారణం, సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉరికే జెట్ ప్రవాహాలనే గాలులు. తూర్పుకు పోయే విమానాన్ని అవి మోసుకుపోతాయి. పడమటికి పోయేదానికి ఎదురొస్తాయి.

ఏటికి ఎదురీదే పడవ లెక్క మీ చేత చేయిస్తాం. విమానం లెక్కలో మాత్రం గాలి ఊసే ఎత్తం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. అది తప్పని ఇప్పుడు నా అభిప్రాయం. పడవ లెక్క వచ్చిన మీకు ఇది రాదా? రెండు దారుల్లోనూ సగటు వేగం కట్టి చూడండి. మొదటిది గంటకు 870 కిలోమీటర్లకు లోపే. రెండోది 1,055. రెండుసార్లూ ఎగిరింది బోయింగ్ 777 రకం విమానమే.