తర్వాతి మెట్టు ఏది? బైక్ రేసర్ అవుతానంటున్న పిల్లల తల్లిదండ్రులతో కొన్ని మాటలు



పేరెంట్స్ మీటింగుల్లో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "మావాడు పెద్దయ్యాక బైక్ రేసర్ అవుతాడట మేడమ్, ఏం చెప్పమంటారు?" అని. అడిగేవారు నవ్వుతూనే అడుగుతారు గానీ, ఆ నవ్వులో సగం భయమే. ఫోన్లో మోటోజీపీ చూసి రైడర్ల పేర్లు, నంబర్లు అప్పజెప్పే పిల్లలు మన పెడనలోనూ ఉన్నారు, బందరులోనూ ఉన్నారు. వాళ్లను "పిచ్చి వేషాలు మాని చదువుకో" అని కసిరి పంపడం తేలిక. నేను మాత్రం కసరకండనే అంటాను. కూర్చోబెట్టి మాట్లాడాలంటే ఆ వృత్తి గురించి మీకు కొంత తెలిసి ఉండాలి, అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక విషయం తేల్చేద్దాం. 216 జాతీయ రహదారి మీద సైలెన్సర్ పీకేసిన బండిమీద ముగ్గురు కూర్చుని దూసుకెళ్లడం రేసింగ్ కాదు. గేర్ల బండికి 18 ఏళ్లు నిండితేగానీ లైసెన్సు రాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులనో బండి యజమానినో బాధ్యులను చేస్తారు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకూ జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ట్యూషన్‌కి ఆలస్యమవుతోందని తొమ్మిదో తరగతి పిల్లాడి చేతికి తాళం ఇచ్చేవారు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి. నిజంగా రేసర్ కావాలనుకునే పిల్లవాడికి ట్రాక్ బయట నెమ్మదిగా ఉండటమే మొదటి పాఠం.

ఇక అసలు రేసింగ్. మనకు అందుబాటులో ఉన్న పెద్ద సర్క్యూట్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2023 సెప్టెంబరులో మోటోజీపీ కూడా జరిగింది. దేశంలో ఈ క్రీడకు ఎఫ్ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య ఉంది. పోటీ లైసెన్సు ఇచ్చేది అదే, దాని గుర్తింపు లేని పోటీల జోలికి వెళ్లకూడదు. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో చెన్నై, బెంగళూరు కుర్రాళ్లదే ఎక్కువ హవా అయినా, హైదరాబాద్ నుంచి రహీల్ పిల్లారిశెట్టి లాంటివాళ్లు అక్కడ పోటీపడుతూ కనిపిస్తున్నారు.

జాతీయ స్థాయి దాటితే ఆసియా రోడ్ రేసింగ్ ఛాంపియన్‌షిప్. 1996 నుంచి నడుస్తోంది. చిన్నవాళ్లకు 2014లో ఆసియా టాలెంట్ కప్ మొదలైంది. ఆపైన ప్రపంచ స్థాయిలో దారి రెండుగా చీలుతుంది. ఒకటి మోటోజీపీ దారి: మోటో3, మోటో2, మోటోజీపీ. ఇక్కడి బండ్లు రేసు కోసమే పుడతాయి, షోరూములో దొరకవు. రెండోది సూపర్‌బైక్ దారి: షోరూములో అమ్మే బండినే సానపట్టి పరిగెత్తిస్తారు. ఒక దారిలోంచి ఇంకో దారిలోకి మారవచ్చు. కానీ టైర్లు వేరు, బ్రేకులు వేరు, బండి వంగే తీరు వేరు, నేర్చుకున్నదాంట్లో కొంత మరిచిపోవాల్సి వస్తుంది.

రేసర్ జీవితంలో కష్టమంతా వేగంలోనే ఉందనుకుంటాం. నా ఉద్దేశంలో అంతకంటే కష్టం, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో తేల్చుకోవడం. ఆ నిర్ణయాలు పదమూడు, పదిహేను, పదిహేడేళ్ల వయసులో పడతాయి. అంటే ఆ నిర్ణయాలు చేసేది పిల్లలు కాదు, మీరు.

డబుల్ ప్రమోషన్ అంటే మనకు ఎంత మోజో చెప్పనక్కర్లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కావాలని అడిగేది మనమే. (ఆ కోర్సులు నడిపేది మేమే, ఆ సంగతీ ఒప్పుకుంటున్నాను.) రేసింగ్‌లోనూ ఈ మోజు ఉంది. దక్షిణాఫ్రికాకు చెందిన బైండర్ అన్నదమ్ముల కథ చూడండి. అన్న బ్రాడ్ 2016లో మోటో3 ఛాంపియన్ అయ్యాడు. వెంటనే పైకి దూకలేదు. మోటో2లో మూడేళ్లు ఉన్నాడు. 2020లో మోటోజీపీకి వచ్చి మూడో రేసులోనే, చెక్ రిపబ్లిక్‌లోని బ్రనోలో, గెలిచాడు. తమ్ముడు డారిన్ మధ్యమెట్టు వదిలేసి మోటో3 నుంచి తిన్నగా 2022లో మోటోజీపీకి ఎక్కాడు. ఏడాది తిరక్కుండానే సీటు పోయింది, 2023లో మోటో2కి దిగి రావాల్సి వచ్చింది. ఒకే ఇల్లు, ఒకే పెంపకం. ఆస్ట్రేలియా కుర్రాడు జాక్ మిల్లర్ కూడా 2015లో ఇలాగే దూకాడు. అతను నిలదొక్కుకున్నాడు, తర్వాత రేసులూ గెలిచాడు. కాబట్టి దూకడం ఎప్పుడూ తప్పేనని అనలేం. కానీ మిల్లర్‌ను చూపించి మీ సంతకం అడిగేవారు డారిన్ పేరు ఎత్తరు.

మన పెడన కలంకారీ పనివారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కరక్కాయ నీళ్లు పట్టించిన బట్ట ఆరకముందే అచ్చు వేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

పెద్ద పేరున్న బండే మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో బన్యాయా 2013లో మోటో3లో తొలి ఏడాది ఒక్క పాయింటూ తెచ్చుకోలేదు. 2015లో మన దేశపు మహీంద్రా బండి ఎక్కాడు. అప్పటికి దాన్ని గెలిచే బండి అని ఎవరూ అనేవారు కాదు. 2016లో నెదర్లాండ్స్‌లోని అసెన్‌లో అదే బండిమీద గెలిచాడు, మహీంద్రాకు అదే మొదటి గ్రాండ్ ప్రీ విజయం. మరుసటి ఏడాది మోటో2, 2018లో అక్కడ ఛాంపియన్, 2022, 2023లో మోటోజీపీ ఛాంపియన్. తన మాట వినే చిన్న టీమ్‌లో రెండేళ్లు నేర్చుకున్నదే అతనికి పెట్టుబడి అయింది. పేరులేని కాలేజీలో మంచి లెక్చరర్ దొరికినట్టు. మహీంద్రా 2017 సీజన్‌తో ఈ పోటీల నుంచి తప్పుకోవడం వేరే విచారం.

మనవాళ్ల సంగతికొస్తే, చెన్నై కుర్రాడు శరత్ కుమార్ 2011లోనే 125 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అడుగుపెట్టాడు. అక్కడ పోటీపడేది నాలుగైదేళ్ల వయసు నుంచి చిన్న బండ్లమీద పెరిగిన స్పెయిన్, ఇటలీ పిల్లలతో. తర్వాత అతను ఇండియాలోనూ ఆసియాలోనూ రేసులు కొనసాగించాడు. ఆ తర్వాతి తరానికి మెట్లు కాస్త దగ్గరయ్యాయి. 2019లో హోండా మన దేశంలో ఎన్ఎస్ఎఫ్250ఆర్ అనే అసలైన రేసు బండితో టాలెంట్ కప్ మొదలుపెట్టింది. ఆ కప్పులోంచి చెన్నైకి చెందిన కవిన్ క్వింటల్ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఏపీ250 తరగతికి వెళ్లాడు. ఇంట్లో అడుగు గట్టిపడ్డాక గడప దాటడమంటే ఇదే.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ వ్యాసం తమది కాదనుకోవద్దు. స్పెయిన్‌కు చెందిన ఆనా కరాస్కో మోటో3లో మొదలుపెట్టి, అక్కడ ముందుకు సాగక సూపర్‌బైక్ వైపు సూపర్‌స్పోర్ట్ 300కి మారింది. 2018లో ఆ టైటిల్ గెలిచి, రోడ్ రేసింగ్‌లో మగవాళ్లతో పోటీపడి ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి మహిళగా నిలిచింది. 2020లో వెన్నెముక విరిగింది. కోలుకుని మళ్లీ మోటో3కి వెళ్లింది, అక్కడ కలిసిరాక మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వచ్చి 2024లో దాని తొలి విజేత అయింది. కింది మెట్టుకు దిగిందని ఎవరైనా అనవచ్చు. నేను మాత్రం ఆమెకు ఎక్కడ నిలబడాలో తెలుసంటాను. మార్క్ మార్కెస్ 2023 చివర్లో ఇంకా ఏడాది కాంట్రాక్టు ఉండగానే హోండాను వదిలి, చిన్న టీమ్‌లో పాత మోడల్ డుకాటీ ఎక్కాడు. 2025లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు, రాయడం కష్టమైన భాగం. 2023 ఆగస్టు 5న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ రూకీ రేసులో బెంగళూరు బాలుడు శ్రేయస్ హరీష్ కింద పడి చనిపోయాడు. అతనికి పదమూడేళ్లు. ఆ రోజు క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానం అతనిదే. మిగతా రేసులన్నీ రద్దు చేశారు. మన స్కూల్లో పదమూడేళ్ల పిల్లలంటే ఎనిమిదో తరగతి. 2021లో ఐరోపాలో నాలుగు నెలల్లో ముగ్గురు పోయారు: జాసన్ డుపాస్కియర్‌కి 19, హ్యూగో మిలాన్‌కి 14, డీన్ బెర్తా విన్యాలెస్‌కి 15. ఆ తర్వాతే ప్రపంచ సంస్థ కళ్లు తెరిచి, గ్రాండ్ ప్రీలకు కనీస వయసును 2023 నుంచి 18కి పెంచింది. కింది పోటీల్లోనూ వయసు పరిమితులు పెంచారు, ఒక రేసులో ఉండే బండ్ల సంఖ్య తగ్గించారు.

ఆ నిబంధనను కొందరు తిట్టుకున్నారు, పిల్లల టైమ్ వృథా అవుతోందని. నాకైతే అది తల్లిదండ్రులకు దొరికిన వరంలా కనిపిస్తుంది. 18 దాకా గ్రాండ్ ప్రీ తలుపు సాధారణంగా తెరుచుకోదంటే పదమూడేళ్లకు తొందరపడాల్సిన పని ఏముంది? టెన్త్, ఇంటర్ పూర్తిచేసుకుంటూ దేశంలో మెట్లు ఎక్కవచ్చు. టర్కీ రైడర్ టోప్రాక్ రజ్‌గత్‌లియోలు 2021, 2024లో సూపర్‌బైక్ టైటిళ్లు గెలిచాక, 28 ఏళ్ల వయసులో 2026కి మోటోజీపీ సీటు ఖాయం చేసుకున్నాడు, 2025 టైటిల్ కూడా గెలిచాడు. ఆలస్యంగా వెళ్లేవారికీ చోటుంది.

మన జిల్లా ఉదాహరణ లేకుండా ఈ మాట పూర్తికాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1997లో అండర్-10 బాలికల ప్రపంచ ఛాంపియన్. బాలికల పోటీల్లోనే ఉంటే కప్పులు వరసగా వచ్చేవి. 1999లో ఆసియా అండర్-12 పోటీల్లో మగపిల్లల విభాగంలో ఆడి గెలిచింది. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. తండ్రి అశోక్ లెక్చరర్ ఉద్యోగం మానేసి కూతురికి కోచ్ అయ్యారు. పాప పుట్టాక విరామం తీసుకుని తిరిగొచ్చి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఓఎన్‌జీసీ ఉద్యోగం ఆమెకు అండగా ఉంది. అశోక్ గారిలా మేమూ ఉద్యోగం మానేస్తామని ఎవరైనా అంటే ఒక తేడా గుర్తుచేస్తాను. చదరంగంలో తప్పు మెట్టు ఎక్కితే రేటింగ్ పోతుంది, మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇక్కడ పోయేవి ఎముకలు. చదరంగం బల్లకు అద్దె కూడా కట్టక్కర్లేదు.

డబ్బు సంగతి అదే. టీమ్ అంటే జీతమిస్తుందని అనుకుంటాం. కింది మెట్లలో చాలాచోట్ల రైడరే టీమ్‌కు డబ్బు కట్టి సీటు తెచ్చుకోవాలి. రొయ్యల చెరువు లీజు తీసుకునేటప్పుడు మీరు ఎన్ని అడుగుతారు! కరెంటు ఎవరిది, గట్టు తెగితే ఎవరిది, పంట పోతే కౌలు తగ్గిస్తారా అని. ఇక్కడా అంతే అడగాలి. బండి కిందపడి పాడైతే ఖర్చు ఎవరిది? ఆసుపత్రి ఖర్చుకు బీమా ఎంత, విదేశంలోనూ చెల్లుతుందా? ప్రాక్టీసుకు ఎన్ని రోజులు ఇస్తారు? వేరే కంపెనీ బండి ఎక్కకూడదనే షరతు ఎన్నేళ్లు? మధ్యలో చదువు కోసం ఒక సీజన్ ఆగితే పరిహారం కట్టమంటారా? కంపెనీ రేసింగ్ ఆపేస్తే పిల్లవాడి గతేంటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు, అందుకే కాగితం మీ ముందుకొస్తుంది. ప్రమాదం జరిగితే నిర్వాహకుల బాధ్యత లేదనే కాగితం మీదా మీ సంతకమే ఉంటుంది. చదవకుండా పెట్టకండి. ఎకరం అమ్మి సీటు కొంటామంటే మాత్రం నేను వద్దనే చెబుతాను. పొలం పోయిందని తెలిసిన పిల్లవాడు భయపడాల్సిన మలుపులో భయపడడు.

మా వైపు నుంచీ చేయాల్సింది ఉంది. ఒలింపియాడ్ పరీక్షకు వెళ్లే పిల్లలకు సెలవు తేలిగ్గా ఇస్తాం. ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సున్న పిల్లవాడు రేసుకు వెళ్తే గైర్హాజరు వేస్తాం. ఇది మారాలి, తప్పిన స్లిప్ టెస్టులు మళ్లీ పెట్టాలి. ఇంటర్ కాలేజీలో కూర్చుని చదవడం కుదరని దశ వస్తే ఎన్ఐఓఎస్, ఏపీ ఓపెన్ స్కూల్ ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి మేం మొహమాటపడకూడదు. ఇలాంటి ఆసక్తి ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల కాగితం చూశాక ఒక పది నిమిషాలు ఆగండి. పిల్లవాడినీ తీసుకురండి. వెనక సీటులో కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టించి.