మూలకు చేరేది సరకా, మనిషా?

ఏ సరకు నాలుగు రోజులు తేజీలో సాగినా “ఎవరో మార్కెట్‌ను కార్నర్ చేశారు” అనే మాట బజారులో పుట్టడం రివాజు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టుకున్న స్టాకిస్టుకు సైతం ఈ బిరుదు తప్పడం లేదు. ఇది సరికాదు. మంచి ధర కోసం సరకు ఆపుకోవడం నిల్వ వ్యాపారం మాత్రమే. అద్దె, వడ్డీ అతనివే. ధర పడితే నష్టమూ అతనిదే.

ఇంగ్లీషులో కార్నర్ అంటే మూల. అయితే మూలకు చేరేది సరకు కాదు, దానిని అమ్మిన మనిషి. చేతిలో సరకు లేకుండా వాయిదాకు అమ్మిన మందీదారు గడువు నాటికి సరకు అప్పగించాలి, లేదా బేరం తిరిగి కొనుక్కోవాలి. అప్పటికి బజారులోని సరకు, వాయిదా కొనుగోళ్లు రెండూ ఒకే చేతిలో ఉంటే ఆ చెయ్యి చెప్పిందే ధర. ఇదీ అసలైన కార్నర్. ఈ మాట బజారు దాటి ఇళ్లలోకీ వెళ్లింది. కష్టాలన్నీ తన నెత్తినే పడ్డాయనుకునే ఇంగ్లీషువాడు దురదృష్టాన్నంతా తానే కార్నర్ చేశానని హాస్యమాడతాడు.

పేరుమోసిన ఉదాహరణ అమెరికా హంట్ సోదరుల వెండి వ్యవహారం. 1979 తొలినాళ్లలో ఔన్సు 6 డాలర్ల ప్రాంతంలో ఉన్న వెండి, 1980 జనవరిలో 50 డాలర్ల దరికి ఎగబాకింది. ముందుగా అమ్మి ఇరుక్కున్నవారిలో పెరూ ప్రభుత్వ సంస్థ మిన్‌పెకో ఒకటి. జనవరి 21న న్యూయార్క్‌లోని కామెక్స్ ఎక్స్ఛేంజి, పాత బేరాలు తెంచుకోవడానికి తప్ప కొత్తవి చేయడానికి వీలులేదన్నది. దానితో కథ అడ్డం తిరిగింది. కొనేవారు కరువైనప్పుడు గుట్టలకొద్దీ వెండి ఎవరికి అమ్మాలి? అదీ చాలావరకు అప్పు సొమ్ముతో కొన్నది! మార్చి చివరివారంలో హంట్‌లు మార్జిన్ చెల్లించలేకపోయారు. 27వ తేదీన ధర 11 డాలర్ల లోపుకు కూలింది. తెలుగులో మూలపడటమంటే అక్కరకు రాకుండా పడి ఉండటం. హంట్‌ల వెండికి ఆ అర్థమే నప్పింది. 1988లో న్యూయార్క్ జ్యూరీ మిన్‌పెకో పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడు నెల్సన్ బంకర్ హంట్ దివాలా దాఖలు చేశాడు.

కనుక కార్నర్ వదంతి విన్న బ్రోకరు గోదాములో ఎన్ని బస్తాలున్నాయని మాత్రమే అడిగితే చాలదు. సరకు లేకుండా అమ్మినవారి బాకీ ఎంత, అప్పగింతకు పనికివచ్చే సరకు ఎంత, గడువుకు ఎన్ని రోజులున్నాయి అన్నవి ముందు విచారించాలి. ఇరుక్కున్న అమ్మకందారు ఎవరూ కనిపించకపోతే అది వట్టి తేజీయే.